బి.టి. కాలేజీలో ‘బి’ ఎవరు?

మా కాలంలో పుంగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చే నాలాంటి వాళ్ళకీ, కుప్పం నుంచి వచ్చి హాస్టల్లో ఉండే మిత్రులకీ మదనపల్లె అంటే ముందు మన బడి, ఆ తర్వాత బి.టి. కాలేజీ. ముప్పై ఏళ్ళు చరిత్ర పాఠం చెప్పినవాణ్ణి గనుక, ఆ రెండక్షరాల్లో మొదటి దాని గురించి ఈ స్వర్ణోత్సవ సంచికకు రాస్తానని సంఘం వారిని నేనే అడిగాను. ఆ ‘బి’ అనిబిసెంట్.

1847 అక్టోబరు 1న లండన్‌లో పుట్టారు. తల్లి వైపు ఐరిష్ రక్తం. మత బోధకుణ్ణి పెళ్ళాడి, ఆయన మతాన్ని నమ్మలేక విడిపోయారు. సంతాన నియంత్రణ పుస్తకం అచ్చు వేసినందుకు 1877లో కోర్టుకెక్కారు. ఆ మరుసటేడు కోర్టు ఆమె కూతుర్ని తండ్రికి అప్పగించింది. 1888లో లండన్ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఆడపిల్లల సమ్మెకు అండగా నిలిచారు. 1893లో మన దేశం వచ్చారు, 1907లో దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షురాలయ్యారు.

మన వైపు చదువుల సంగతి చూడండి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మదనపల్లె కడప నుంచి, పుంగనూరు, కుప్పం ప్రాంతాలు ఉత్తర ఆర్కాడు నుంచి వచ్చి కలిశాయి. జిల్లా వచ్చింది గానీ పై చదువులకు మద్రాసు రైలెక్కాల్సిందే. అనంతపురం కాలేజీ 1916లో వచ్చింది. అంతకు ఏడాది ముందే మదనపల్లెలో బిసెంట్ కాలేజీ పెట్టారు.

ఆ 1916లోనే హోంరూల్ లీగ్ మొదలుపెట్టారు. ఆమె పత్రిక న్యూ ఇండియా నుంచి ప్రభుత్వం ధరావతు కట్టించుకుని, దాన్ని జప్తు చేసింది. ఐర్లండ్ తిరుగుబాటును మెచ్చుకుంటూ అందులో రాసిన కవి జేమ్స్ కజిన్స్ ఉద్యోగం పోయింది. ఆయన్ని ఆమె మదనపల్లె కాలేజీకి పంపారు. అధ్యాపకుడి ఎంపికలో ఇంత ధైర్యం నేనింకెక్కడా చూడలేదు.

1917లో మద్రాసు గవర్నరు పెంట్లాండ్ ప్రభుత్వం విద్యార్థులు రాజకీయ సభలకు వెళ్ళరాదంది. జూన్‌లో డెబ్బైకి దగ్గరపడిన ఆమెను ఊటీలో నిర్బంధించింది. దేశమంతా గొడవ చేస్తే సెప్టెంబరులో వదిలారు. డిసెంబరులో కలకత్తాలో కాంగ్రెసుకు తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు. హోంరూలు వల్ల మన కాలేజీకి మద్రాసు యూనివర్సిటీ గుర్తింపు పోయింది. ఆమె అడయారులో పెట్టిన జాతీయ విశ్వవిద్యాలయం కింద అది నడిచింది. దానికి ఛాన్సలరు టాగూరు. 1919 ఫిబ్రవరిలో ఆయన మదనపల్లె వచ్చి జనగణమనకు ఇంగ్లీషు అనువాదం రాసింది ఆ కాలేజీలోనే. అంతవరకు అందరికీ తెలుసు. ఆ రోజుల్లో అక్కడ చేరిన పిల్లలకు సర్కారు యూనివర్సిటీ పట్టా దారి మూసుకుపోయిందన్నది ఎవరూ చెప్పరు. వాళ్ళ తల్లిదండ్రుల గుండె దిటవును కూడా తలుచుకోవాలి.

అంతటి మనిషి గాంధీగారి సహాయ నిరాకరణను ఒప్పుకోలేదు. పిల్లలు బళ్ళు మానడం ఆమెకు అసలు గిట్టలేదు. కాంగ్రెసు సభల్లోనే ఆమెను మాట్లాడనివ్వకుండా కేకలు వేశారు. జనం ఎంత దూరం వచ్చేశారో ఆమె గుర్తించలేదనే నా అభిప్రాయం. కానీ బడి మానమని పిల్లలకు చెప్పడం పంతులుగా నాకూ కష్టమే.

మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని పెంచింది ఈమే. తండ్రి నారాయణయ్య కొడుకును ఇప్పించమని మద్రాసు హైకోర్టుకు వెళ్ళి గెలిచారు. లండన్ ప్రీవీ కౌన్సిల్‌లో 1914లో ఆమె గెలిచారు. కోర్టులో బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఇంకొకరి బిడ్డ కోసం కోర్టుకెక్కడం నాకు మింగుడుపడదు. ఆ కృష్ణమూర్తే 1929లో, తనను జగద్గురువుగా నిలబెట్టడానికి ఏర్పడిన సంఘాన్ని ఆమె ఎదుటే రద్దు చేశారు. ఆమె ఆయనను వదులుకోలేదు.

1933 సెప్టెంబరు 20న అడయారులో కన్నుమూశారు.