పెన్నీలు కూడబెట్టి బ్యాంకు పెట్టిన మ్యాగీ వాకర్

వార్షికోత్సవ సంచికలో మనం ఏటా మహనీయుల జీవితాలు చదువుకుంటాం. ఈసారి మనలో చాలామంది పేరు కూడా వినని ఒక నల్లజాతి మహిళను పరిచయం చేస్తున్నాను.

మ్యాగీ లీనా వాకర్ 1864లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం, రిచ్‌మండ్ నగరంలో జన్మించారు. తల్లి ఎలిజబెత్ ఒకప్పుడు బానిసగా బతికిన మనిషి. 1876లో మారుతండ్రి శవం నదిలో దొరికింది. ఆ తర్వాత తల్లి ఇతరుల బట్టలు ఉతికి పిల్లలను పోషించింది. ఉతికిన బట్టల మూటలు తెల్లవారి ఇళ్లకు చేరవేసే పని మ్యాగీది. అలా పని చేస్తూనే చదువుకుని, 1883లో ఉపాధ్యాయ శిక్షణ పూర్తిచేశారు. మూడేళ్లు పాఠాలు చెప్పారు. పెళ్లయిన స్త్రీలు టీచరుగా ఉండకూడదన్న నిబంధన వల్ల 1886లో పెళ్లితో ఆ ఉద్యోగం పోయింది.

పద్నాలుగేళ్ల వయసులోనే ఆమె సెయింట్ లూక్ సంఘంలో చేరారు. జబ్బు చేసినా, మరణం సంభవించినా సభ్యుల కుటుంబాలను ఆదుకునే నల్లవారి సంఘం అది. 1899లో ఆమె దానికి కార్యదర్శి అయ్యేనాటికి ఖజానాలో ఉన్నది 31 డాలర్ల 61 సెంట్లు. తీర్చాల్సిన బాకీలు సుమారు 400 డాలర్లు.

తమవారి కష్టార్జితం తెల్లవారి బ్యాంకులకూ దుకాణాలకూ పోతోందని, తిరిగి అప్పుగానో ఉద్యోగంగానో తమకు రావడం లేదని ఆమె గమనించారు. తామే ఒక బ్యాంకు పెట్టుకోవాలని 1901లో సంఘం సభలో ప్రతిపాదించారు. నగరంలోని ఒక బ్యాంకుకు రోజూ వెళ్లి కూర్చుని పని నేర్చుకున్నారు. 1903 నవంబర్ 2న సెయింట్ లూక్ పెన్నీ సేవింగ్స్ బ్యాంకు తెరుచుకుంది. అమెరికాలో బ్యాంకు స్థాపించిన మొదటి నల్లజాతి మహిళ ఆమే. తొలిరోజే సుమారు 280 మంది 8,000 డాలర్లకు పైగా జమచేశారు. కేవలం 31 సెంట్లతో ఖాతా తెరిచినవారూ వారిలో ఉన్నారు.

బట్టలుతికే స్త్రీలు, వంటమనుషులు ఆ బ్యాంకు ఖాతాదారులు. పిల్లలకు చిన్న డిబ్బీలు ఇచ్చి, డాలరు నిండగానే ఖాతా తెరిపించేవారు. 1920 నాటికి ఆ చిల్లర డబ్బుల మీదే 600కు పైగా నల్లజాతి కుటుంబాలు సొంత ఇళ్లు కొనుక్కున్నాయి.

అన్నీ విజయాలే కావు. 1905లో తెరిచిన దుకాణం తెల్ల వ్యాపారుల ఒత్తిడికి కొన్నేళ్లకే మూతపడింది. 1915లో కొడుకు దొంగ అనుకుని కాల్చడంతో భర్త మరణించారు. చివరి ఏళ్లు చక్రాల కుర్చీలో గడిచాయి. అయినా పని ఆపలేదు. ఆర్థికమాంద్యంలో ఎన్నో బ్యాంకులు కూలిపోతుంటే, తమ బ్యాంకును మరో రెండు నల్లజాతి బ్యాంకులతో కలిపి నిలబెట్టారు. 1934 డిసెంబర్ 15న కన్నుమూశారు. 2005లో వేరే సంస్థ కొనేదాకా ఆ బ్యాంకు నల్లవారి చేతుల్లోనే నడిచింది.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. నా స్కాలర్‌షిప్ ఖాతాయే మా ఇంటి మొదటి బ్యాంకు ఖాతా. మనలో ఎందరిదో ఇదే పరిస్థితి. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి నూటికి 36 రూపాయలని అమ్మానాన్నలకు లెక్కగట్టి చెప్పాల్సింది మనమే. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! స్కాలర్‌షిప్ పడిన రోజే మొత్తం తీసేయకండి. వందో యాభయ్యో ఖాతాలో ఉంచండి. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు పాస్‌బుక్కు తీసి, అందులో ఏముందో అమ్మకు చదివి వినిపించండి.