స్టీరింగ్‌ను తేలిక చేసిన డేవిస్

పవర్ స్టీరింగ్ గురించి క్లాసులో విన్నాం, పరీక్షలో బొమ్మ గీశాం, మార్కులూ వచ్చాయి. ఫ్రాన్సిస్ డబ్ల్యూ. డేవిస్ అనే పేరు మాత్రం రాణిగంజ్‌లో ఒక తప్పు గొట్టం కొన్న తర్వాతే నాకు తెలిసింది.

మా చిన్నాన్నకి ఒక పాత పికప్ ఉంది. తెల్లారకముందే బోయిన్‌పల్లి మార్కెట్ నుంచి కూరగాయల లోడ్లు వేస్తుంటాడు. పవర్ స్టీరింగ్ కూలర్ లైన్ కారుతోంది, ఇంజనీరింగ్ చదువుతున్నావు కదా, పోయి పట్టుకురా అని నన్ను పంపాడు. నేను లావు కొలుచుకుని పోయి, సరిగ్గా అదే లావున్న రబ్బరు గొట్టం తెచ్చిచ్చాను. అది రేడియేటర్ నీళ్లకి వాడే రకం. ఆయిల్ తగిలితే ఆ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. మూడు వారాలకి క్లిప్పులోంచి ఊడిపోయింది. ఆయిలంతా రోడ్డు పాలు. నిండు లోడుతో మలుపు తిప్పుతుండగా స్టీరింగ్ రాయిలా బిగుసుకుందట. చిన్నాన్న బలమంతా పెట్టి ఎలాగో బండిని పక్కకి లాగాడు. ఎవరికీ ఏం కాలేదు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ.

ఆ సిగ్గుతో చదవడం మొదలుపెడితే డేవిస్ దొరికాడు.

1887లో పుట్టాడు. హార్వర్డ్‌లో ఇంజనీరింగ్ చదివి, బఫెలో నగరంలోని పియర్స్ యారో కంపెనీలో చేరి, ట్రక్కుల విభాగంలో చీఫ్ ఇంజనీర్ దాకా ఎదిగాడు. ఆ రోజుల్లో లోడు ట్రక్కు తిప్పడమంటే కుస్తీ పట్టడమే. గుంతలో పడితే స్టీరింగ్ చేతుల్లోంచి గింజుకునేది. ఆ బాధ చూసినవాడు కాబట్టే, 1922లో మంచి ఉద్యోగం వదిలేసి వాల్తామ్‌లో చిన్న వర్క్‌షాప్ అద్దెకి తీసుకున్నాడు. తోడుగా జార్జ్ జెసప్ అనే పనిమంతుడు. మనలో ఎంతమందికి ఆ ధైర్యం ఉంటుందో గానీ, నాకైతే ప్లేస్‌మెంట్ వదిలేయడం కలలో కూడా రాదు.

అంతకుముందు ఆలోచనంతా ఆయిల్‌ని ఎప్పుడూ ప్రెషర్‌లో నిల్వ ఉంచడం మీదే నడిచింది. అలా ఉంచితే ప్రతి సీలూ, ప్రతి జాయింటూ కారుతుంది. డేవిస్ దీన్ని తిరగేశాడు. స్టీరింగ్ తిన్నగా ఉన్నప్పుడు వాల్వ్ తెరిచే ఉంటుంది, ఆయిల్ ఊరికే తిరుగుతూ ఉంటుంది. తిప్పినప్పుడే వాల్వ్ ఒకవైపు దారి ఇరుకు చేస్తుంది, అప్పుడు ప్రెషర్ లేస్తుంది. నీళ్లొస్తున్న పైపు మూతిని వేలితో నొక్కినట్టన్నమాట. వదిలేస్తే మళ్లీ మామూలే.

1926లో తన పియర్స్ యారో కారుకి ఇది బిగించి డెట్రాయిట్ తీసుకెళ్లి చూపించాడు. జనరల్ మోటార్స్ ఒప్పందం రాసుకుంది. తర్వాత ఆర్థిక మాంద్యం వచ్చింది. తయారీ ఖర్చు గిట్టదని 1934లో వదిలేసింది. 1936లో బెండిక్స్ కంపెనీతో కలిశాడు. 1939 నాటికి ఆయన స్టీరింగ్ ఉన్న బండ్లు మొత్తం పది! ఉద్యోగం వదిలి అప్పటికి పదిహేడేళ్లు. చివరికి యుద్ధం పనికొచ్చింది. బరువైన సాయుధ వాహనాలకి ఇది తప్పనిసరైంది.

1951లో క్రైస్లర్ పవర్ స్టీరింగ్ ఉన్న కారుని అమ్మకానికి పెట్టింది. అందులో వాడుకున్నది గడువు తీరిపోయిన డేవిస్ పేటెంట్లనే. ఇది చదివినప్పుడు నాకు మనసు చివుక్కుమంది. అయితే పోటీ తట్టుకోలేక జనరల్ మోటార్స్ మళ్లీ ఆయన దగ్గరికే వచ్చింది, 1952 కాడిలాక్‌లో ఆయన డిజైనే పెట్టింది. 1978 దాకా బతికాడు కాబట్టి తన స్టీరింగ్‌ని మామూలు జనం తిప్పడం చూసే ఉంటాడు.

ఇప్పుడు నా గొట్టం సంగతి. ఆయిల్ ఆగకుండా తిరగాలన్నది డేవిస్ పద్ధతి, కాబట్టి అది వేడెక్కుతుంది. స్టీరింగ్ చివరిదాకా తిప్పి పట్టుకుంటే మరీను. అందుకే తిరుగు దారిలో కూలర్. చాలా బండ్లలో అది వంచిన ఇనప గొట్టమే, చూసి పనికిరానిదనుకుంటాం. గుర్తుపట్టాలంటే పంపు దగ్గర మొదలుపెట్టాలి. చివర్లు ప్రెస్ చేసి, మర యూనియన్‌తో బిగించింది ప్రెషర్ లైన్, అది నేరుగా స్టీరింగ్ బాక్సుకి పోతుంది. బాక్సు నుంచి వెనక్కి వచ్చి, కూలర్ మీదుగా ఆయిల్ డబ్బాలోకి చేరేది రిటర్న్ లైన్. దీంట్లో ప్రెషర్ తక్కువ, క్లిప్పులు చాలు. కానీ రబ్బరు మాత్రం ఆయిల్ తట్టుకునేదే కావాలి, ప్రెషర్ లైన్‌కి ఇది పెడితే పగిలిపోతుంది. పాత బండి కదా, మధ్యలో ఎవరో మార్చిన లైనే తప్పుదైనా అయ్యుండొచ్చు. అందుకని వంపులూ, చివర్లూ బండి మీదే పెట్టి చూసుకోవాలి.

రెండోసారి రాణిగంజ్‌కి పాత లైన్‌ని పేపర్లో చుట్టి పట్టుకెళ్లాను. చొక్కాకి అంటిన ఆయిల్ మరక ఇంకా పోలేదు. చిన్నాన్న మాత్రం రోజూ బయల్దేరేముందు బండి కిందికి వంగి ఓసారి చూస్తున్నాడు.