కాటన్ దొరగారు – పునాది పాఠము

గోదావరీతీరమున స్నానసంకల్పమునందుఁ గాటన్ దొరగారిని స్మరించు నాచారము ప్రసిద్ధమే. ఆ మహనీయుఁడు 1803 సంవత్సరమున ఇంగ్లండు దేశమున జనించి, 1821లో ఎంజినీరుగాఁ జెన్నపట్టణము చేరెను. కరికాలచోళుఁడు కట్టించెనని ప్రసిద్ధిగల కావేరీనది పురాతనపు టానకట్టను పరిశీలించి, యిసుకలోఁ బునాది నిలుపు రహస్యమును గ్రహించెను. వరద పునాదిచెంత సుడులు దిరిగి యిసుకను ద్రవ్వును. అచటఁ బఱచిన రాళ్లు ఆ గుంటలోనికి దిగి స్థిరపడి పునాదికి రక్షయగును. ఈ సూత్రము నెఱిఁగి 1836లోఁ గొల్లిడనదిపై నానకట్టలు గట్టించెను. పిదప, 1833 నాఁటి కఱవుచేఁ గృశించిన గోదావరీమండలమునకు వచ్చి, వీణెం వీరన్నగారి తోడ్పాటుతో ధవళేశ్వరపు టానకట్టను 1847లో నారంభించి 1852లోఁ బూర్తిచేసెను.

1899లో నాయన యస్తమించునాఁటికి రాజమహేంద్రవరమున రైలువంతెన కట్టఁబడుచుండెను. 1900లోఁ దెఱవఁబడిన యా 56 ఖానాల వంతెన, నదీగర్భమున దింపిన బావులపై నిలిచి, 1997 వఱకు బండ్లను మోసెను.

వంతెనకుఁ గలుగు ప్రమాదము కంటికిఁ గానరాదు. వరద హెచ్చినపుడు స్తంభముచెంత గుంట లోతగును. తగ్గునపుడు నదియే దానిని ఇసుకతోఁ బూడ్చును. వేసవిలోఁ జూచువానికి నేల చదునుగాఁ గన్పట్టును. కావున లోతును వరదలోనే కొలువవలెను. స్తంభపు వెడల్పును, నీటి లోతును, వేగమును బట్టి గుంటను అంచనావేసి, పునాది యంతకంటె మిక్కిలి దిగువ నుండునట్లు చూడవలెను.

మేము పాఠములు చెప్పినవారమేకాని యానకట్టలు గట్టినవారము కాము. ఐనను పరదేశీయుఁడయ్యు మన పూర్వులయొద్ద నేర్చుకొనుటకు సిగ్గుపడని యాయన వినయము మాకు శిరోధార్యము. మన సంఘమును పైకిఁ గనఁబడు భవనములకంటె బాలబాలికల విద్యయను పునాదినే, అదియుఁ గష్టకాలముననే, పరీక్షించుకొనుఁగాక యని ప్రార్థించుచున్నాము.