రాజమహేంద్రవరపు కూల్డ్రే దొర

దొరతనము వారి కొలువుపై ఆంధ్రదేశమునకు వచ్చిన ఆంగ్లేయులు పెక్కుమంది. వారిలో అనేకుల పేర్లు దస్తావేజులందు నిలిచి, జనుల నాలుకలనుండి ఏనాడో తొలగిపోయినవి. కాటను దొరను ఆనకట్టవలనను, బ్రౌను దొరను గ్రంథములవలనను ప్రజలు నేటికిని తలచుకొందురు. ఈ దేశమున ఆనకట్ట గాని, నిఘంటువు గాని విడిచి పోకున్నను, కేవలము శిష్యులవలన తలచుకొనబడుచున్న దొర మరియొకరు కలరు. ఆయనయే రాజమహేంద్రవరము ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షుడుగా నుండిన ఆస్వాల్డు జెన్నింగ్సు కూల్డ్రే.

కూల్డ్రే 1882లో ఇంగ్లాండునందలి యాబింగ్డన్ అను చిన్న పట్టణమున జన్మించెను. అది థేమ్సు నది యొడ్డున, ఆక్సుఫర్డునకు సమీపమున నున్నది. ఆదవాని, ఎమ్మిగనూరు ప్రాంతముల వారికి తుంగభద్ర యెట్టిదో, ఆయనకు థేమ్సు అట్టిది. బాల్యవిద్య స్వగ్రామమునందే ముగించి, ఆక్సుఫర్డులోని పెంబ్రోకు కళాశాలలో ఉన్నత విద్య నభ్యసించెను. పిమ్మట విద్యాశాఖలో ఉద్యోగియై హిందూదేశమునకు వచ్చి, 1909లో రాజమహేంద్రవరము కళాశాలకు ప్రిన్సిపాలయ్యెను. అప్పటికాయన వయస్సు 27 సంవత్సరములు.

ఆ కాలము సామాన్యమైనది కాదు. అంతకు రెండేండ్లు ముందు, 1907లో, బిపిన్ చంద్రపాలుగారు రాజమహేంద్రవరమునకు వచ్చి ఉపన్యసించిరి. విద్యార్థులు వందేమాతర ముద్రలను ధరించిరి. ఆ కారణమున అచ్చటి ట్రైనింగు కళాశాలనుండి వెడలగొట్టబడినవారు మన కర్నూలు బిడ్డ గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు. తరువాతి కాలమున ఆయన ఆంధ్ర గ్రంథాలయోద్యమమునకు మూలస్తంభములలో నొకరై, పల్లెపల్లెకు పుస్తకమును చేర్చుటకు పాటుపడిరి. ఈ సంఘటనవలన ఆ పట్టణమున దొరలకును విద్యార్థులకును నడుమ ఎంత యెడము ఏర్పడియుండునో ఊహింపవచ్చును. అట్టి చోటికి యువకుడైన కూల్డ్రే అధికారియై వచ్చెను. శిక్షలచేత గౌరవమును సంపాదింపవలయుననిన ఆయనకు అధికారము చాలినంత కలదు. కాని ఆయన నడచిన త్రోవ వేరు.

ఆయన వృత్తి ఆంగ్ల సాహిత్య బోధనము; ప్రవృత్తి చిత్రలేఖనము. ఆనాటి తెల్ల యుద్యోగులలో పలువురకు సాయంకాలములందు క్లబ్బు, సెలవులందు వేట వినోదములు. కూల్డ్రేకు రంగుల పెట్టెయు, కుంచెయు, కాగితములును చాలును. గోదావరి యొడ్డులు, పడవలు, తాడితోపులు, గ్రామములు, జీర్ణదేవాలయములు ఆయనకు రెండవ తరగతి గదులు. నీటి రంగులతో చిత్రములు వ్రాయుట, పద్యములల్లుట, వింత కల్పనలతో కథలు వ్రాయుట ఆయన వ్యసనములు. కళాశాల అధ్యక్షుడు నేలపై చతికిలబడి పాడుబడిన గోడను బొమ్మ వేయుటయేమని లోకులకు తోచియుండవచ్చును. కాని ఆ వింత యలవాటే ఆయనకు శిష్యుల హృదయద్వారములను తెరచెను.

ఆనాడు కళాశాల చదువనిన పట్టమును పొందుటకును, పట్టమనిన కొలువును సంపాదించుటకును సాధనము. పరీక్షలో నెగ్గినవాడు బుద్ధిమంతుడు, తప్పినవాడు వ్యర్థుడు అను లెక్కయే ఎల్లెడలను చెల్లుచుండెను. కూల్డ్రే ఈ లెక్కకు మరియొక పద్దును చేర్చెను. విద్యార్థిలో పాట గాని, పద్యము గాని, బొమ్మ గాని దాగియున్నదా యని వెదకెను. అట్లు ఆయన ప్రోత్సాహము నందినవారిలో అడివి బాపిరాజుగారు, కవికొండల వేంకటరావుగారు, దామెర్ల రామారావుగారు ముఖ్యులు.

బాపిరాజుగారు 1895లో జన్మించిరి. వారు కవులు, చిత్రకారులు, నవలా రచయితలు. వారి నారాయణరావు నవలకును, విశ్వనాథ సత్యనారాయణగారి వేయిపడగలకును 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమానమును సమముగా పంచియిచ్చినది. గోన గన్నారెడ్డి, హిమబిందు పఠింపని గ్రంథాలయ పాఠకు లరుదు. ఇంతటి దొర ప్రీతికి పాత్రులైన బాపిరాజుగారు 1922లో సహాయనిరాకరణోద్యమమున చేరి చెరసాలకు వెళ్లిరి. గురువుపై భక్తి వేరు, పరప్రభుత్వముపై విముఖత వేరు అని వారి నడవడి చాటుచున్నది. శిష్యుని తన ప్రభుత్వమునకు దాసునిగా మలచుట కూల్డ్రే విద్య కాదనుటకును అదియే నిదర్శనము.

అందరిలో చిత్రకళకే జీవితమును ధారపోసినవారు దామెర్ల రామారావుగారు. వారు 1897లో జన్మించిరి. పాఠములకన్న బొమ్మలయందే వారికి మక్కువ. మరియొక యుపాధ్యాయుడైనచో ఆ మక్కువను తప్పుగా నెంచి దండించియుండును. కూల్డ్రే దానిని వరముగా నెంచెను. తన కుంచె పనిని చూపి, అజంతా ఎల్లోరాల ప్రాచీన శిల్పచిత్ర సంపదవైపు శిష్యుని దృష్టిని మరల్చి, బొంబాయిలోని జె.జె. కళాశాలకు వెళ్లుటకు సాయపడెను. రామారావుగారు 1916లో అచ్చట చేరి, చిత్రకళలో నిపుణులై, స్వస్థలమునకు మరలివచ్చి, 1923లో రాజమహేంద్రవరమున చిత్రకళాశాలను స్థాపించిరి. పాశ్చాత్యుల రచనా నైపుణ్యమును, భారతీయ సంప్రదాయమును కలిపి, తెలుగువారి జీవితమును తెలుగువాని కంటితో చూచి చిత్రించిన తొలితరము వారిలో వారు అగ్రగణ్యులు.

ఇంతలో గురువునకు ఒక ఆపద సంభవించెను. క్రమముగా వినికిడి తగ్గిపోయెను. కన్ను చెడిన చిత్రకారుడెట్లో, చెవి చెడిన ఉపాధ్యాయుడట్లు. పాఠము చెప్పుటకు నాలుక యున్న చాలదు. శిష్యుని సందేహమును వినుటకు చెవి కావలెను. 1919లో, ఇంకను 37 ఏండ్ల ప్రాయముననే, కూల్డ్రే ఉద్యోగమును విడిచి స్వదేశమునకు మరలెను. పదియేండ్ల ఆచార్యకత్వము అంతటితో ముగిసెను.

థేమ్సు తీరమునకు చేరినను ఆయన మనస్సు గోదావరిని వీడలేదు. 1920లో ప్రకటించిన పద్యసంపుటమునకు థేమ్సు, గోదావరి అను రెండు నదుల పేర్లను జోడించి పెట్టెను. 1924లో దక్షిణ హిందూదేశపు ఘడియలు అను అర్థము వచ్చు పేరుతో నొక గ్రంథమును ప్రకటించెను. తాను తిరిగిన తావులు, చూచిన జనులు, ఆలయములు అందు వర్ణితములు. చెవులు మూతపడినను కన్నులును, చేతులును పనిమానలేదు. పద్యములు, కథలు, నీటిరంగుల చిత్రములు వార్ధక్యము వరకును సాగినవి.

ఆ గ్రంథము వెలువడిన మరుసటి సంవత్సరమే పిడుగు వంటి వార్త. 1925 ఫిబ్రవరి 6వ తేదీన రామారావుగారు మశూచి సోకి మరణించిరి. వారికి 28 ఏండ్లు నిండలేదు. తాను నాటిన చెట్టు పూచిన వేళకు తాను దూరమున నుండుట, కాయు వేళకు ఆ చెట్టే కూలిపోవుట ఏ గురువునకైనను భరింపరాని దుఃఖము. అయినను ఆ పని నశింపలేదు. మిత్రులైన వరదా వేంకటరత్నముగారు మొదలగువారు చిత్రకళాశాలను నిలిపిరి. రామారావుగారి చిత్రములు రాజమహేంద్రవరమున వారి పేరనే వెలసిన చిత్రశాలలో భద్రపరుపబడినవి. బాపిరాజుగారు 1952లో కీర్తిశేషులైరి. శిష్యు లిరువురికన్న పెద్దకాలము జీవించి, కూల్డ్రే 1958లో తనువు చాలించెను.

ఆయన జీవితమును తూకము వేయునపుడు రెండు తట్టలను చూడవలెను. ఆయన పాలకజాతివాడు, ఆ ప్రభుత్వపు జీతమును తిన్నవాడు. ఆ సత్యమును దాచరాదు. ఉన్న అధికారమును పిల్లలను వంచుటకు గాక పెంచుటకు వినియోగించెను. ఈ సత్యమును మరువరాదు. ఆయన బోధించిన ఆంగ్లపాఠము లేవో నేడెవ్వరికిని తెలియవు. ఆయన గుర్తించిన పిల్లలెవ్వరో తెలుగుదేశమెరుగును.

ఆదవాని ప్రత్తి సంతలోను, ఎమ్మిగనూరు మగ్గముల నడుమను పెరుగుచున్న పిల్లలలో అంచు మీది పువ్వును చూచి పలక మీద బొమ్మ వేయువాడు, పద్యము విని అప్పటికప్పుడే అప్పగించువాడు ఎందరో కలరు. లెక్కల మార్కులు తగ్గినంతనే వారిని పనికిమాలిన వారి పద్దులో చేర్చుట పెద్దలకు సులభము. అట్టి బిడ్డ కంటబడినపుడు ఒక్క మంచి పుస్తకమును చేతికిచ్చుట, చేసిన పనిని ఓపికతో చూచుట, తగిన చోటికి త్రోవ చూపుట యను మూడు పనులకు దొరతనము అక్కరలేదు, ధనమును అంతగా అక్కరలేదు. కూల్డ్రే చేసిన మేలెల్ల ఆ మూడింటిలోనే యిమిడియున్నది. గ్రామమున గ్రంథాలయము వెలసినది కూడ అందులకే.