ఆలన్ ట్యూరింగు: గూఢలిపిని ఛేదించిన గణితవేత్త

దేశరక్షణ మనగనే మనకు ఫిరంగులును, యుద్ధనౌకలును, విమానములును తోచుట సహజము. కాని నేటి రాజ్యములు సరిహద్దులను కాచుకొనుట కెంత శ్రమించుచున్నవో, తమ వార్తలను కాచుకొనుటకు నంతయే శ్రమించుచున్నవి. విద్యుత్కేంద్రములు, రైలుమార్గములు, బ్యాంకులు, సైన్యాజ్ఞలు అన్నియు కంప్యూటరులపై నడచుచున్న యీ కాలమున శత్రువు కోటగోడ నెక్క నక్కరలేదు. తాళపుచెవి దొరికిన చాలును. సైబరు భద్రత యని లోకము పిలుచు నీ విద్యకు మూలపురుషులలో నొక్కని చరిత్రమును మా పాఠకుల కెరిగింప గోరుచున్నాము. ఆయన ఆంగ్లేయుడు. అయినను ఆయన పుట్టుపూర్వోత్తరములలో మన యూళ్ల పేరులు వినబడును.

ఆలన్ తండ్రి జూలియస్ మాథిసన్ ట్యూరింగు ఇండియన్ సివిల్ సర్వీసు ఉద్యోగియై 1896లో చెన్నరాజధానికి వచ్చెను. గుఱ్ఱముపై పల్లెలు తిరిగి, సాగునీరు, పారిశుద్ధ్యము, టీకాలు, లెక్కలు విచారించుచు తెలుగు నేర్చెను. తల్లి ఎథెల్ సారా పోదనూరులో పుట్టినది. ఆమె తండ్రి స్టోనీ చెన్నరాజధాని రైల్వేలలో ప్రధాన ఇంజనీరై తుంగభద్రపై వంతెన కట్టించిన వాడు. 1907లో వివాహమైన పిమ్మట ఆ దంపతులు పార్వతీపురము, విశాఖపట్టణము, అనంతపురము, బెజవాడ, చికాకోలు, కర్నూలు మొదలగు చోట్ల కాపురముండి 1911లో గంజాము జిల్లా ఛత్రపురము చేరిరి. మరుసటి యేడు జూన్ 23వ తేదీన లండనులో ఆలన్ జన్మించెను. ఆ కుటుంబము తిన్న కూడు మన రైతు కట్టిన శిస్తులోనిదే యని జ్ఞాపకము చేయుట కటువుగ తోచవచ్చును గాని యథార్థము. ఈ దేశపు వేడిమికి వెరచి తలిదండ్రులు బిడ్డల నిద్దరను ఇంగ్లండులోనే విశ్రాంత సైనికోద్యోగి యొకని యింట విడిచి కొలువునకు తిరిగివచ్చిరి. పరాయిదేశము నేలబోయిన వారి పిల్లలు పరాయియింట పెరుగవలసివచ్చినది.

1926లో షెర్బోర్ను పాఠశాలలో చేరవలసిన దినమున దేశమంతట సమ్మె. రైళ్లు నడువలేదు. పదమూడేండ్ల బాలుడు సైకిలెక్కి అరువది మైళ్లు త్రొక్కి బడి చేరెను. చేవ్రాత వికారము, లాటినున అశ్రద్ధ. గణితమున మాత్రము తన త్రోవ తానే వేసికొనువాడు. విజ్ఞానమున తనకు జోడైన క్రిస్టఫర్ మోర్కమ్ అను ప్రియమిత్రుడు 1930లో క్షయచే మరణించెను. ఆ దుఃఖము ఆయనను జీవితాంతము వీడలేదు. 1931లో కేంబ్రిడ్జి కింగ్స్ కళాశాలలో ప్రవేశించి 1935లో, ఇరువదిరెండవ యేటనే, అచట ఫెలో యయ్యెను.

1936లో ఆయన వ్రాసిన వ్యాసము నేటి కంప్యూటరునకు పుట్టుక పత్రమనదగినది. గణితమున ఏ ప్రశ్నకైనను సమాధానము దొరకునో లేదో ముందుగనే తేల్చు నొక నియమపద్ధతి కలదా యనునది నాటి పండితుల జిజ్ఞాస. ట్యూరింగు దాని కొక యంత్రమును ఊహించెను. గడులుగ విభజింపబడిన పొడవైన కాగితపు పట్టీ. ఒక్కొక్క గడిని చూచి, గుర్తు వ్రాసియో చెరిపియో, ప్రక్కకు జరుగు యంత్రము. ఒక కరణము చిట్టాను పంక్తి పంక్తిగ చదువుచు, ముందే వ్రాసియిచ్చిన నియమముల ననుసరించి లెక్క దిద్దుట వంటిదే ఇది. ఇట్టి యంత్రము చేయగల లెక్కలన్నిటిని ఒక్కటే సార్వత్రిక యంత్రము చేయగలదనియు, ఏ యంత్రమును తేల్చలేని ప్రశ్నలు కలవనియు నిరూపించెను. అమెరికాలో ఆలాంజో చర్చి వేరొక మార్గమున అదే ఫలితమును సాధించియుండెను. ట్యూరింగు ఆయన యొద్ద ప్రిన్‌స్టనులో చదివి 1938లో స్వదేశమునకు వచ్చెను.

1939 సెప్టెంబరు 3వ తేదీన యుద్ధము ప్రకటితమయ్యెను. మరునాడే ఆయన బ్లెచ్లీ పార్కను భవనమున సంకేతశాఖలో చేరెను. జర్మనులు వాడుచున్నది ఎనిగ్మా యను యంత్రము. చూచుటకు టైపురైటరు వంటిది. ఒక మీటను నొక్కగనే విద్యుత్తు మూడు చక్రముల గుండ పోయి, తిరిగివచ్చి, వేరొక యక్షరముపై దీపమును వెలిగించును. నొక్కినప్పుడెల్ల చక్రము కదలును గనుక ఒకే యక్షరము క్షణక్షణము రూపు మార్చుచుండును. ముందువైపున తీగెలతో అక్షరములను జతపరచు పలక యొకటి కలదు. పది జతలను కలుపు విధములే 150 లక్షల కోట్లకు పైబడును. ఈ యమరిక దినదినము మారుచుండెను.

ఈ గుట్టును మొదట విప్పినవారు ఆంగ్లేయులు కారు. పోలండు గణితవేత్త మరియన్ రెయెవ్స్కీ, ఫ్రెంచివారు సంపాదించి యిచ్చిన పత్రముల తోడ్పాటుతో, 1932లోనే యంత్రపు లోపలి తీగెల కూర్పును గణితముచే కనిపెట్టెను. 1939 జులైలో, తమ దేశము కూలుటకు కొలది వారములకు ముందు, పోలిషువారు తమ విద్యనంతయు బ్రిటిషు, ఫ్రెంచి అధికారుల చేతిలో పెట్టిరి. ఆ దానమును పెద్ద రాజ్యములు చాలకాలము మరచియుండుట మెచ్చదగినది కాదు.

యంత్రమున నొక లోపముండెను: ఏ యక్షరమును తానుగనే వెలువడదు. జర్మను సైనికుల యలవాటు మరియొక లోపము. వాతావరణ వార్తలు ఒకే రీతిగ, ఒకే మాటలతో పంపుచుండిరి. ట్యూరింగు ఊహించిన మాటను సంకేతము క్రింద నిలిపి, వైరుధ్యము తోచిన యమరికలను వేలకొలది త్రోసివేయు విద్యుద్యంత్రమును రూపొందించెను. 1940 మార్చిలో మొదటిది పనిలో ప్రవేశించెను. గోర్డన్ వెల్చ్‌మన్ సంస్కారముతో దాని బలము మిక్కిలి పెరిగెను. యుద్ధాంతమునకు అట్టివి రెండువందలకు పైగ నుండెను. సిబ్బంది చాలదని 1941 అక్టోబరులో ట్యూరింగును, మరి ముగ్గురును పై యధికారులను దాటి నేరుగ చర్చిలునకే లేఖ వ్రాయగా, ఆయన వెంటనే కోరినవెల్ల నిప్పించెను. చర్చిలుపై మన కెట్టి యభిప్రాయమున్నను, ఈ తత్పరతను కాదనలేము.

అట్లాంటికు సముద్రమున ఆహారనౌకలను ముంచుచున్న జలాంతర్గాముల సంకేతములు మరింత కఠినములు. ఆ భారమును ట్యూరింగు తనంత తాను నెత్తికెత్తుకొనెను. 1941 మే నెలలో పట్టుబడిన జలాంతర్గామిలోని పత్రములు ఆయన విభాగమునకు సహాయపడెను. 1942 ఫిబ్రవరిలో జర్మనులు నాలుగవ చక్రమును చేర్చగా పదినెలలు చీకటి క్రమ్మెను. ఆ అక్టోబరులో ఈజిప్టు తీరపు సముద్రమున మునిగిపోవుచున్న జలాంతర్గామిలో దిగి ఫాసన్, గ్రేజియర్ అను నావికులు పుస్తకములను పైకందించి తాము జలసమాధి యైరి. డిసెంబరున మరల వెలుగు వచ్చినది. ఒక్క గణితవేత్తయే యుద్ధమును గెలిపించెననుట అతిశయోక్తి. బ్లెచ్లీలో తుదకు పదివేలకు చేరువగ జనులు పనిచేసిరి, వారిలో ముప్పాతిక వంతు స్త్రీలు. వింత యేమన, శత్రువు వార్తలను చదువుచున్న బ్రిటిషు నౌకాదళపు సంకేతమునే 1943 నడుమ వరకు జర్మనులు చదువుచుండిరి! తన తాళము గట్టిదని నమ్ముట ఇరుపక్షములకు సమానమైన వ్యాధి.

ఈ వ్యాధి మనకును సోకినదే. స్విట్జర్లాండులో క్రిప్టో ఏజీ యను సంస్థ సంకేతయంత్రములను నూరు దేశములకు పైగ నమ్మెను. ఆ సంస్థ 1970 నుండి అమెరికా, పశ్చిమ జర్మనీ గూఢచారి శాఖల రహస్యపు సొత్తనియు, యంత్రములను బుద్ధిపూర్వకముగ బలహీనపరచి యమ్మిరనియు 2020 ఫిబ్రవరిలో పత్రికలు బయటపెట్టినవి. కొన్నవారి పట్టికలో భారతదేశమును కలదు. డబ్బిచ్చి కొన్న తాళమునకు మారుచెవి యమ్మినవాని యొద్ద నుండెనన్నమాట. 2004లో మన ప్రభుత్వము సర్ట్-ఇన్ అను సంస్థను నెలకొల్పినది; మంచిదే. కాని సంకేతవిద్యకు పునాది శుద్ధగణితము. మన సంపన్నులు తమ బిడ్డలను ఇంజనీరింగు కొలువులకు పంపుటలో చూపు నాతురతలో పదవవంతైనను ఆ విద్యపై చూపుట మేమెరుగము.

యుద్ధానంతరము ట్యూరింగు కంప్యూటరు నిర్మాణమునకు ప్రణాళిక వ్రాసెను. 1948లో మాంచెస్టరు చేరెను. యంత్రము ఆలోచింపగలదా యను ప్రశ్నపై 1950లో ప్రకటించిన వ్యాసము నేటికిని చర్చనీయాంశమే. 1951లో రాయల్ సొసైటీ సభ్యత్వము లభించినది.

మరుసటి యేడు, మరియొక పురుషునితో చెలిమి చేసెనను నేరముపై ఆయనను న్యాయస్థానమున నిలిపిరి. 1885 నాటి శాసనమది. ఆ కోవకే చెందిన శాసనమును ఆ ప్రభువులు 1860లో మన శిక్షాస్మృతిలోను చేర్చిపోగా, 2018 సెప్టెంబరులో గాని మన సర్వోన్నత న్యాయస్థానము దానిని సడలింపలేదు. చెర తప్పించుకొనుటకు ఆయన ఏడాదిపాటు హార్మోను మందులకు దేహము నప్పగింపవలసి వచ్చెను. రహస్యకార్యములలో ప్రవేశము నిలిచిపోయినది. దేశరహస్యములను పదిలముగ కాచిన వానినే అపాయకారిగ నెంచిరి. 1954 జూన్ 7వ తేదీన, నలువదిరెండేండ్లు నిండక మునుపే, ఆయన సైనైడు విషముచే మరణించెను. ఆత్మహత్యయని విచారణాధికారి తీర్మానించెను. 2009లో ప్రధానమంత్రి గోర్డన్ బ్రౌన్ ప్రభుత్వము పక్షమున క్షమాపణము చెప్పెను. 2013లో రాణి క్షమాభిక్ష ప్రసాదించెను. 2021లో ఆయన బొమ్మతో ఏబది పౌనుల నోటు వెలువడినది.

తండ్రి 1947 ఆగష్టులోనే గతించియుండెను. పోదనూరులో పుట్టిన తల్లి సారా 1959లో కుమారుని జీవితచరిత్రము వ్రాసి ప్రకటించినది. బ్లెచ్లీలో ఆతడేమి చేసెనో ఆమెకు తెలియదు. తెలుపు నధికారము ఎవరికిని లేదు. 1974లో ఆ రహస్యము లోకమునకు వెల్లడియైనది. 1976లో ఆమె కన్నుమూసినది.