దీపం పట్టిన నర్సమ్మ – ఫ్లోరెన్స్ నైటింగేల్



పోయిన వానాకాలంలో మన హాస్టల్లో చాలామందికి జ్వరాలు వచ్చాయి కదా. అప్పుడు నర్సమ్మ వచ్చింది. ఆమె వచ్చీరాగానే మందుల సంచి తెరవలేదు. మొదట నీళ్ళ ట్యాంకు మూత తీసి చూసింది. తర్వాత ప్లేట్లు కడిగే చోట కాలవ చూసింది. ఆ తర్వాతే మా చేతులు పట్టుకొని చూసింది. జ్వరం మాకు వస్తే ఈమె కాలవను ఎందుకు చూస్తుందబ్బా అనుకున్నాను. ఫ్లోరెన్స్ నైటింగేల్ గురించి చదివాక నాకు అర్థమైంది. అందుకే ఆమె జీవితం మీకు కూడా చెబుతున్నాను.

ఫ్లోరెన్స్ నైటింగేల్ 1820 మే 12న ఇటలీ దేశంలో ఫ్లోరెన్స్ అనే నగరంలో జన్మించింది. ఆ ఊరి పేరే ఆమెకు పెట్టారు. తల్లిదండ్రులు ఇంగ్లండు వాళ్ళు, బాగా ఉన్నవాళ్ళు. తండ్రి విలియం గారు ఇద్దరు కూతుళ్ళకూ ఇంట్లోనే చదువు చెప్పారు. ఫ్లోరెన్స్‌కి లెక్కలంటే చాలా ఇష్టం. మనలో చాలామందికి లెక్కలంటే భయం. కానీ ఆ లెక్కలే తర్వాత ఎందరి ప్రాణాలో కాపాడాయి.

ఆమె పదహారేళ్ళ వయసులోనే దేవుడు తనను సేవకు పిలిచాడని నమ్మింది. నర్సు కావాలనుకుంది. ఇంట్లో ఒప్పుకోలేదు. ఆ రోజుల్లో నర్సు పని అంటే తక్కువ పని అని చూసేవారు. ఆమె చాలా ఏళ్ళు ఓపిక పట్టింది గాని కోరిక మానుకోలేదు. చివరికి 1851లో, ముప్పై ఒకటో ఏట, జర్మనీలోని కైసర్స్‌వెర్త్ అనే చోట శిక్షణ పొందింది. 1853లో లండన్‌లో ఒక ఆడవాళ్ళ ఆసుపత్రికి పెద్దగా చేరింది.

అప్పుడే క్రిమియా యుద్ధం వచ్చింది. 1854లో ఆమె 38 మంది నర్సులను వెంటబెట్టుకొని టర్కీలో స్కుటారి అనే చోట ఉన్న సైనికుల ఆసుపత్రికి వెళ్ళింది. అక్కడి పరిస్థితి చాలా ఘోరం. ఆసుపత్రి కిందనే మురుగు కాలవలు పూడుకుపోయి ఉన్నాయి. గాలి ఆడదు. ఎలుకలు, పేలు. గాయాల వల్ల చనిపోయేవాళ్ళ కంటే విరేచనాలు, కలరా, టైఫాయిడ్ వంటి రోగాలతో చనిపోయేవాళ్ళే ఎక్కువ. ఆమె గచ్చులు తోమించింది. ఒక ఇల్లు అద్దెకు తీసుకొని, బాయిలర్లు పెట్టించి బట్టలు ఉడికించి ఉతికించింది. రాత్రిపూట దీపం పట్టుకొని ఒక్కో మంచం దగ్గరికి వెళ్ళి చూసేది. అందుకే దీపం పట్టిన వనిత అని పేరు వచ్చింది.

అయితే ఒక సంగతి చాలామందికి తెలియదు. అంత సేవ చేసినా ఆ చలికాలం చావులు తగ్గలేదు, ఇంకా పెరిగాయి. 1855 మార్చిలో ప్రభుత్వం పంపిన డాక్టర్ సదర్లండ్, ఇంజనీరు రాలిన్సన్ మొదలైనవాళ్ళు వచ్చి మురుగు కాలవలు కడిగించారు. చచ్చిన పశువులను తీయించారు. గాలి వచ్చేట్టు చేశారు. ఫిబ్రవరిలో 100 మందికి సుమారు 42 మంది చనిపోతుంటే, జూన్ కల్లా అది 2కి వచ్చింది.

యుద్ధం అయిపోయాక 1856లో ఇంటికి వచ్చి, విలియం ఫార్ అనే లెక్కల నిపుణునితో కలిసి చావులన్నీ లెక్కవేసింది. అప్పుడు ఆసుపత్రి మురికే అంతమందిని చంపిందని ఆమెకు బోధపడింది. ఆమె దాన్ని దాచుకోలేదు. రంగుల బొమ్మల పటాలు గీసి పెద్ద పెద్ద అధికారులకు చూపించింది. అప్పటికి క్రిముల సంగతి బాగా తెలియదు. చెడుగాలి వల్లే రోగాలు వస్తాయని ఆమె కూడా అనుకునేది. అయినా మంచి గాలి, మంచి నీళ్ళు, మురుగు పోయే దారి, శుభ్రత, వెలుతురు ఈ ఐదూ ఉండాలని ఆమె చెప్పింది ఇప్పటికీ నిజమే.

1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల బడి పెట్టించింది. తనకు జబ్బు చేసి చాలా ఏళ్ళు మంచం మీదే ఉండి పనిచేసింది.

ఆమె మన దేశానికి ఎప్పుడూ రాలేదు. కానీ మన గురించి ఎంతో రాసింది. ఇక్కడి ఇంగ్లీషు సైనికులు ఏడాదికి 1000 మందికి 69 మంది చనిపోతున్నారని, చెడ్డ నీళ్ళు, మురుగే కారణమని 1863 నివేదికలో తేలింది. తర్వాత ఆమె పల్లెటూరి రైతుల కోసం కూడా రాసింది. కరువులు పోవాలంటే కాలవలు తవ్వాలని చెప్పింది. మన గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొరతో ఉత్తరాలు నడిపింది. 1910 ఆగస్టు 13న తొంభై ఏళ్ళకు చనిపోయింది. ఆమె పుట్టినరోజు మే 12నే ప్రపంచ నర్సుల దినోత్సవం చేస్తారు.

ఇప్పటి నర్సులకు ఇంకో పని కూడా పడింది. ఆసుపత్రి చెత్తే రోగాలు తెస్తుంది. మా చెల్లి సూదికి పోయినప్పుడు నేను నర్సమ్మ దగ్గర చూశాను. రక్తం అంటిన దూది పసుపు బుట్టలో, సెలైన్ గొట్టాలు ఎర్ర బుట్టలో, సూదులు తెల్ల డబ్బాలో, గాజు సీసాలు నీలం డబ్బాలో వేస్తారు. 2016 నియమాల ప్రకారం ఇలా చెయ్యాలి. అన్నీ కలిపి పారేస్తే చెత్త ఏరేవాళ్ళకు సూదులు గుచ్చుకుంటాయి. కలిపి కాలిస్తే విషపు పొగ వస్తుంది. వాగులో వేస్తే ఆ నీళ్ళే కింద ఊరివాళ్ళు తాగుతారు.

మన మెస్ వెనకాల మనం కూడా ప్లాస్టిక్ కవర్లు కాలుస్తున్నాం. ఇక మానేద్దాం. ట్యాంకుకు మూత సరిగ్గా పెట్టించాలని, ప్లేట్లు కడిగే నీళ్ళకు ఇంకుడు గుంత తవ్వించాలని వార్డెన్ మేడం గారిని కోరుతున్నాను. గుంత మేమే తవ్వుతాము, పలుగు పార ఇప్పిస్తే చాలు.

చివరిగా ఒక మాట. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే. పది అయ్యాక చాలు అంటున్నాడు మా అయ్య. ఫ్లోరెన్స్‌కు డబ్బు ఉండి వద్దన్నారు, నాకు డబ్బు లేక వద్దంటున్నారు. ఆమె పట్టు వదల్లేదు. నేనూ వదలను. నేను నర్సు అయ్యి మా ఊరు వెళతాను. వెళ్ళాక ముందుగా బావి చూస్తాను.

– 9వ తరగతి విద్యార్థిని