శత్రువు బిడ్డా బిడ్డే

హాజరుపట్టీలో ఒక పేరుకు వారం రోజులు వరుసగా గైర్హాజరు పడితే మేం ఇంటికి కబురు పంపుతాం. ఊరికెళ్లాడనో, పనిలో కుదిరాడనో జవాబు వస్తుంది. ఆ రెండో జవాబు దగ్గర ఆగి ఆలోచించాలని ప్రపంచానికి నేర్పినవారిలో ఎగ్లంటైన్ జెబ్ ఒకరు. ఆమె కూడా కొంతకాలం పంతులమ్మే.

1876లో ఇంగ్లండ్‌లోని ఎల్స్‌మియర్‌లో కలిగిన కుటుంబంలో పుట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్ర చదివి, ఉపాధ్యాయ శిక్షణ పొంది, మార్ల్‌బరోలో ఓ ప్రాథమిక పాఠశాలలో చేరారు. ఆరోగ్యం సహకరించలేదు. పాఠం చెప్పడం తనవల్ల కాదనీ అనిపించింది. కొద్దికాలానికే మానేశారు. అయితే పేదింటి పిల్లలను రోజూ దగ్గర నుంచి చూసింది అక్కడే.

1918 నవంబరులో మొదటి ప్రపంచయుద్ధం ఆగింది. కానీ ఓడిన దేశాలకు సరుకు చేరకుండా బ్రిటన్, దాని మిత్రదేశాలు పెట్టిన సముద్ర దిగ్బంధం ఆగలేదు. జర్మనీ, ఆస్ట్రియాల్లో పసిపిల్లలు ఆకలికి ఎముకల గూళ్లయ్యారు. అలాంటి ఒక బిడ్డ బొమ్మతో కరపత్రాలు వేయించి జెబ్ లండన్ ట్రఫాల్గర్ కూడలిలో పంచారు. ప్రభుత్వ అనుమతి లేదని అరెస్టు చేశారు. న్యాయస్థానం 5 పౌండ్ల జరిమానా వేసింది. ఆమెకు వ్యతిరేకంగా వాదించిన ప్రభుత్వ న్యాయవాదే ఆ మొత్తం ఆమె చేతిలో పెట్టాడని చెబుతారు. ఆమె ఉద్యమానికి అదే తొలి విరాళమైంది.

1919 మే 19న చెల్లెలు డొరొతీ బక్స్‌టన్‌తో కలిసి రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో సభ పెట్టి ‘సేవ్ ది చిల్డ్రన్’ నిధిని ప్రారంభించారు. మన బిడ్డలను చంపినవాళ్ల పిల్లలకు మనం తిండి పెట్టాలా అని చాలామంది మండిపడ్డారు. ఆమె వెనక్కి తగ్గలేదు. 1921లో రష్యాలో కరువు వస్తే అక్కడికీ ఆ సంస్థ ఆహారం పంపింది.

విరాళాలు ఆగితే అన్నమూ ఆగుతుంది. కాబట్టి బిడ్డకు కావలసింది దయ కాదు, హక్కు అని ఆమె గ్రహించారు. 1923లో ఐదు సూత్రాలతో ఒక ప్రకటన తయారుచేశారు. 1924 సెప్టెంబరు 26న జెనీవాలో నానాజాతి సమితి దాన్ని ఆమోదించింది. అందులోని నాలుగో సూత్రం రెండు మాటలను ఒకచోట చేర్చింది. బిడ్డ బతుకుతెరువు నేర్చుకోవాలి, ఎలాంటి దోపిడీకీ గురికాకూడదు. పని నేర్పడం వేరు, పనికి వాడుకోవడం వేరు అన్న తేడా అందులో ఉంది.

ఆ ప్రకటన ఏ దేశాన్నీ కట్టడి చేయలేదు. 1928 డిసెంబరులో 52 ఏళ్ల వయసులో జెనీవాలోనే జెబ్ కన్నుమూశారు. ఆమెకు సొంత పిల్లలు లేరు. ఆమె నాటిన విత్తనం మాత్రం పెరిగింది. బిడ్డ ఎవరికీ అమ్మకపు సరుకు కాకూడదని 1959లో ఐక్యరాజ్య సమితి ప్రకటించింది. 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక దాన్ని దేశాల బాధ్యతగా మార్చింది. 1992లో మన దేశమూ ఒప్పుకుంది. పిల్లల అపహరణను, అమ్మకాన్ని, అక్రమ రవాణాను అడ్డుకోవాలని దాని 35వ అధికరణం చెబుతుంది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు వారి భాష వాడుకునే హక్కు ఉందని 30వ అధికరణం చెబుతుంది.

ఈ రెండూ మన బడి గడపలో కలుస్తాయి. మాట తెలియని ఊరికి తరలించిన బిడ్డ సాయం కూడా అడగలేడు. కన్నడ, తమిళ, మరాఠీ, ఒడియా సీమల్లో ఆ బిడ్డ తెలుగు అర్థమయ్యేది మనకే కావచ్చు. పనిచోట అలాంటి గొంతు వినిపిస్తే, ఎవరి పిల్లాడో మనకెందుకు అనుకోకుండా 1098కి ఫోన్ చేద్దాం. ఇంట్లో బిడ్డను పనికి తీసుకెళ్తామని ఎవరైనా వస్తే ఎక్కడికి, ఎవరి దగ్గరికి, ఏ పనికి అని నిలదీద్దాం. హాజరుపట్టీలో ఖాళీ గడి కనిపిస్తే, మేం కబురుతో సరిపెట్టకుండా ఆ ఇంటికే వెళ్తాం.